చెంచా ఉన్నది అమ్మమ్మ చేతిలో

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన సెప్టెంబరులో తల్లీపిల్లల తిండి గురించి అంగన్‌వాడీల్లో పోషణ మాసం జరిగినప్పుడు మీ పత్రిక గుంటూరు పేజీలో ఒక ఫొటో వేశారు. నేల మీద ఆకుకూరలు, క్యారెట్లు, గుడ్లు, రాగులు, కొర్రలు ముగ్గులా పేర్చి ఉన్నాయి. చుట్టూ పిల్లల్ని చంకనేసుకున్న తల్లులు, మధ్యలో అధికారులు. ఆ కాగితాన్ని నేను వంటగది అలమరలో పోపు డబ్బాల కింద పరిచాను. ఆవాల డబ్బా తీసినప్పుడల్లా కనపడుతుంది. ఎన్నిసార్లు చూసినా అందులో ఒక్క అమ్మమ్మ లేదు, ఒక్క నాయనమ్మ లేదు. ఎనిమిది నెలల తర్వాత ఈ ఉత్తరం రాయడానికి అదే కారణం. ఆలస్యానికి మన్నించండి. మధ్యలో నాకు వేరే పని పడింది, అది కూడా చెప్తాను.

నాకు 57 ఏళ్లు. ఏటుకూరు రోడ్డు వైపు ఒక కాలనీలో ఉంటాం. పదో తరగతి తప్పాను. ముప్పయ్యేళ్లు జాకెట్లు కుట్టి పిల్లల్ని పెంచాను. కళ్లు మసకబారాక మిషను మూలకు చేరింది. మా చిన్నమ్మాయి మిరపకాయల తొడిమలు తీసే పనికి పోతుంది. సంక్రాంతి దాటిందంటే గుంటూరు మిర్చి యార్డుకు టిక్కీలు, అంటే కాయల బస్తాలు, లారీల కొద్దీ దిగుతాయి, పొద్దున ఏడింటికి క్యారేజీ పట్టుకుని పోతే మళ్లీ చీకటి పడ్డాకే ఇంటికి రావడం. ఎండలకు యార్డుకు సెలవులిచ్చినా కోల్డ్ స్టోరేజీల్లో పని ఉంటుంది. అల్లుడిది ట్రాలీ ఆటో. పాప నా దగ్గరే. పేరు రాయను, ఇంట్లో చిట్టి అంటాం.

చిట్టి జులైలో పుట్టింది, 2 కిలోల 400 గ్రాములు. రెండున్నర కిలోలకు తక్కువ పుడితే బరువు తక్కువ బిడ్డ కిందే లెక్క అని ఆస్పత్రిలో చెప్పారు. కానీ ఆ తక్కువ ఆ రోజు మొదలైంది కాదు. మా అమ్మాయికి అయిదో నెలలో రక్తం, అదే హిమోగ్లోబిన్, 8.6 మాత్రమే ఉంది. ఐరన్ గోళీలు ఇచ్చారు. రెండు వారాలు మింగి, విరేచనం నల్లగా అవుతోందని భయపడింది. ఆ భయానికి నేను ఇంకో మాట చేర్చాను. ‘అవి మింగితే బిడ్డ నల్లగా పుడుతుందట’ అన్నాను. ఎవరు చెప్పారని అడిగితే నా దగ్గర సమాధానం లేదు, మా అత్తగారు అన్నట్టు గుర్తు. ఆ తర్వాత నర్సమ్మ కోప్పడితే మళ్లీ మొదలుపెట్టింది గానీ పొద్దున్నే కాఫీతో మింగేది. కాఫీ టీలతో మింగితే ఆ ఇనుము ఒంటికి సరిగ్గా పట్టదని, నిమ్మకాయ నీళ్లతోనో అన్నం తిన్న గంట తర్వాతో వేసుకోవాలని నాకు తెలిసేసరికి కాన్పు అయిపోయింది. ఆ ఎర్ర గోళీలో ఇనుముతో పాటు ఫోలిక్ యాసిడ్ ఉంటుంది. దాన్ని తయారుచేసే దారి చూపించింది అమెరికాలో మన భీమవరం బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందమేనని మీ పత్రికలోనే చదివాను. ఆయన పుట్టిన గడ్డ మీదే నాలాంటివాళ్లు ఆ గోళీ మీద పుకార్లు పుట్టిస్తున్నాం, ఏం చెప్పమంటారు.

ఇంకో ఘనకార్యం కూడా ఉంది. ఎనిమిదో నెల నుంచి మా అమ్మాయికి అన్నం తగ్గించి పెట్టాను. బిడ్డ పెద్దదైతే ఆపరేషన్ అవుతుందని. 2 కిలోల 400కి నా వాటా ఎంతో మీరే లెక్క వేసుకోండి.

ఒక్కటి మాత్రం ఆస్పత్రి వాళ్లు నెగ్గారు. మా రోజుల్లో ముర్రుపాలు పిండి పారబోసి, మూడో రోజు దాకా తేనె నాకించేవాళ్లం. ఇక్కడ పుట్టిన గంటలోపే బిడ్డను తల్లి రొమ్ముకు పెట్టించారు. నేను తేనె సీసా సంచిలో పెట్టుకునే వెళ్లాను, తియ్యనివ్వలేదు. ఆరు నెలలు తల్లిపాలే. ఆరో నెల నిండేసరికి చిట్టి 6 కిలోల 300 ఉంది. బుగ్గలు వచ్చాయి. ఆ ఆరు నెలలూ అప్పు చేసి మా అమ్మాయిని ఇంట్లో కూర్చోబెట్టాం. మాతృ వందన పథకం కింద మొదటి కాన్పుకు వచ్చే 5 వేలు మందులకూ ఆటోలకే చాల్లేదు.

ఆరు నెలలు నిండడమూ సంక్రాంతి రావడమూ ఒక్కసారే. సీజను మొదలైంది, మా అమ్మాయి పనిలోకి వెళ్లింది. చిట్టి నా చేతికి వచ్చింది. అక్కడి నుంచి ఎనిమిది నెలల్లో పాప పెరిగింది 600 గ్రాములు.

తిండి పెట్టలేదనుకోకండి. పొద్దస్తమానం పెడుతూనే ఉన్నాను. పొద్దున టీలో ముంచిన రెండు బిస్కెట్లు. పదింటికి పాలు, అరగదని సగానికి సగం నీళ్లు కలిపి. మధ్యాహ్నం కందిపప్పు పైన తేరిన కట్టు, అందులో నాలుగు మెతుకులు చిదిపి. సాయంత్రం పల్చటి మజ్జిగలో అన్నం పిసికి, పిప్పి తీసేసి. నెయ్యి వేస్తే తెమడ చేస్తుంది. అరటిపండు జలుబు. గుడ్డు వేడి. ఇవన్నీ నాకు ఎవరూ నేర్పలేదు, ఒంటికి పట్టిన చెమటలాగా అంటుకున్నాయి. మా అమ్మ ఇచ్చిన ఇత్తడి ఉగ్గుగిన్నె ఉంది నా దగ్గర. చిన్న ముక్కు ఉంటుంది దానికి. ఆ ముక్కులోంచి ఏది ధారగా జారితే అదే పిల్లకు సరైన తిండి అని నా లెక్క. జారకపోతే ఇంకాసిని నీళ్లు పోసేదాన్ని. నిజానికి మా అమ్మ ఉగ్గు అలా ఉండేది కాదు. బియ్యమూ పెసరపప్పూ దోరగా వేయించి, వాము వేసి విసిరి, జావ కాచి నెయ్యి కలిపేది. మిక్సీలు వచ్చాక ఆ విసరడం పోయింది, గిన్నె మిగిలింది.

ఇక రాత్రి సంగతి. పగలంతా మిరపకాయల్లో ఉన్న చేతులు ఎలా మండుతాయో గుంటూరు వాళ్లకు నేను చెప్పక్కర్లేదు. మా అమ్మాయి పెరుగుతో రుద్దుకుని, కొబ్బరినూనె రాసి, సబ్బుతో మూడుసార్లు కడిగినా ఆ ఘాటు పోదు. ఒకసారి ఆత్రంకొద్దీ వచ్చీరాగానే పాలివ్వబోతే చిట్టి మూతి చుట్టూ ఎర్రబడి గుక్కపట్టి ఏడ్చింది. అప్పటి నుంచి తలస్నానం చేసి, చీర మార్చి, అరగంట కూర్చుని గానీ బిడ్డను ముట్టుకోదు. ఆ అరగంటలో బిడ్డ నిద్రపోతుంది. నిద్రలో నాలుగు గుటకలు తాగితే తాగినట్టు.

మేలో పాపకు విరేచనాలు పట్టుకున్నాయి. లంఖణం పరమౌషధం అంటారు కదా, మూడు రోజులు బార్లీ నీళ్లు తప్ప ఏమీ పెట్టలేదు. ఆశా వచ్చి ఓఆర్ఎస్ ప్యాకెట్లూ జింకు గోళీలూ ఇచ్చింది. గోళీలు 14 రోజులు వేయాలని చెప్పింది. నాలుగో రోజుకు విరేచనాలు కట్టాయి, మిగిలిన గోళీలు ఎందుకులే అని దేవుడి గూట్లో పెట్టాను. ఇప్పటికీ అక్కడే ఉన్నాయి, పారేయాలి.

చిక్కిపోతోందని నాకూ కనపడుతూనే ఉంది. దిష్టి అనుకున్నాను. మిర్చి కూలి చేసే ఇంట్లో దిష్టికి మిరపకాయలకు కరువా, మంగళవారం ఆదివారం తీసి పొయ్యిలో వేశాను. పక్షిదోషం అంది ఎదురింటావిడ, తాయెత్తు కట్టించాం. ఆర్ఎంపీ దగ్గరికి తీసుకెళ్తే అరుగుదలకని ఒక టానిక్కు, బలానికని ఒక డబ్బా పొడి రాశాడు. ఆ డబ్బా 400 పైచిలుకు. మా అమ్మాయికి ఒక రోజు కూలి అటే పోయింది. అంగన్‌వాడీలో మాత్రం నెలనెలా రెండున్నర కిలోల బాలామృతం ప్యాకెట్టు ఉచితంగా ఇస్తూనే ఉన్నారు. గోధుమ, శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనె కలిపి వేయించి ఆడించిన పొడి అది. దాంతో నేనేం చేశానో చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. యాలకులు కొట్టి ఉండలు చేసేదాన్ని. మా ఆయన టీలోకి రెండు, బడి నుంచి వచ్చిన పెద్ద మనవడికి మూడు. రుచిగా ఉంటాయి మరి. రెండున్నర కిలోలంటే పాపకు రోజుకు 100 గ్రాముల చొప్పున 25 రోజులకు సరిపోను లెక్క కట్టి ఇచ్చిందని నాకు తెలియదు. తెలిసినా, ఇంట్లో నలుగురు చూస్తుండగా ఒక్కదానికే పెట్టడం మన ఇళ్లలో ఎక్కడైనా ఉందా?

సెప్టెంబరులో అంగన్‌వాడీ సెంటర్‌లో పాపను తూచారు. 14 నెలలకు 6 కిలోల 900. పుట్టిన బరువుకు ఏడాది నిండేసరికి మూడింతలు కావాలట, అంటే మా పాప అప్పటికే ఏడుకు పైన ఉండాలి. పాప చేతికి టీచరమ్మ రంగుల టేపు చుట్టింది. పసుపు దగ్గర ఆగింది, 12 సెంటీమీటర్లు. పన్నెండున్నర దాటితే పచ్చ. పదకొండున్నరకు దిగితే ఎరుపు, ఎరుపైతే ఆస్పత్రిలో పెట్టి చూడాల్సి వస్తుందంది. ‘రేపు పోషణ మాసం మీటింగు ఉంది, పాప వాళ్ల అమ్మను తప్పకుండా పంపించండి’ అంది. మీటింగు పదకొండింటికి. ఆ టైముకు మా అమ్మాయి కోల్డ్ స్టోరేజీలో టిక్కీల మధ్య కూర్చుని ఉంటుంది. వెళితే రోజు కూలి పోతుంది, రెండుసార్లు మానితే మేస్త్రీ వేరే మనిషిని పెట్టుకుంటాడు. వెళ్లలేదు. నేను వస్తానంటే, ‘ఇది తల్లుల మీటింగు మామ్మగారూ’ అన్నారు. మీరు వేసిన ఫొటో ఆ వారంలో మా దగ్గర్లో జరిగిన అలాంటి మీటింగుదే.

టీచరమ్మను తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. ఆవిడకు రిజిస్టర్లు, ఫోనులో ఎక్కించడాలు, ఓటర్ల జాబితాలు, ఇన్ని పనులు. వచ్చిన కాగితంలో తల్లులు అని ఉంది, తల్లుల్ని పిలిచింది. 1975 అక్టోబరు 2న ఈ అంగన్‌వాడీ పథకం మొదలైందట. నాకు అప్పటికి ఏడేళ్లో ఎనిమిదేళ్లో. అప్పటి నుంచీ చెప్పేదంతా తల్లికే చెప్తున్నారు. తల్లి పగలు ఇంట్లో ఉంటుందని ఎవరనుకున్నారో తెలియదు. గుంటూరులో తొడిమలు తీసే వాళ్లను, విజయవాడలో ఇళ్లల్లో పనిచేసే వాళ్లను, బట్టల షాపుల్లో పొద్దున పది నుంచి రాత్రి పది దాకా నిలబడే పిల్లల్ని అడిగి చూడండి, మీ బిడ్డకు పగలు ముద్ద పెట్టేది ఎవరని. అయితే మా అమ్మ అంటారు, లేదంటే మా అత్త.

ఆ ప్రశ్న అడిగిన మనిషి ఒక్కతే వచ్చింది మా ఇంటికి. కొత్తగా వేసిన ఏఎన్ఎం, ఇళ్లకు తిరిగే నర్సు, పాతికేళ్లు కూడా ఉండవు. మీటింగుకు రాని వాళ్ల జాబితా పట్టుకుని రాత్రి ఏడున్నరకు స్కూటీ మీద వచ్చింది. మా అమ్మాయి అప్పుడే స్నానం చేసి కూర్చుంది. పిల్ల కార్డు చూసి, మా అమ్మాయిని చూసి, ‘పగలు పాపకు ఎవరు పెడతారక్కా?’ అంది. మా అమ్మాయి నా వైపు చూపించింది. ఆ పిల్ల వెంటనే నా వైపు తిరిగి కింద కూర్చుంది. ‘మామ్మగారూ, ఇవాళ మధ్యాహ్నం ఏం పెట్టారో కొంచెం చూపిస్తారా?’ అంది.

ఉగ్గుగిన్నె తెచ్చాను. అడుగున కాస్త కట్టు ఉంది. చెంచాతో తీసి వంచింది, చుక్క మిగలకుండా జారింది. గిన్నెలో ముద్దపప్పు ఉందా అని అడిగింది. ఉంది, పెద్దవాళ్లకు. అది ఒక చెంచా తీసి మెత్తగా మెదిపి, వంచింది. కదల్లేదు. బోర్లించింది, అప్పుడు పడింది, ముద్దగా. ‘చెంచా వంచగానే జారిపోతే అది ఇంకా నీళ్ల కిందే లెక్క మామ్మగారూ. పాప పొట్ట ఇంత ఉంటుంది, ఒక్కసారికి 200 మిల్లీలీటర్లకు మించి పట్టదు. మీరు దాన్ని నీళ్లతో నింపేస్తున్నారు. నిండిందని పాప నోరు మూస్తుంది, తాగేసిందని మీరు సంబరపడుతున్నారు’ అంది. గిన్నె నా చేతిలో ఉంది. ఎనిమిది నెలలు నేను పోసింది అందులోంచే.

నేను ఎదురు అడిగాను కూడా. అరగదు కదమ్మా అన్నాను. ఆరు నెలలు దాటిన పిల్లకు మెత్తగా మెదిపితే అన్నీ అరుగుతాయంది. నూనె మాట ఎత్తింది. చిన్న చెంచా నూనెలోనో నెయ్యిలోనో 45 క్యాలరీలు ఉంటాయట, చోటు పట్టదు, బలం ఇస్తుంది. తల్లిపాలు తాగే ఏడాది దాటిన పిల్లకు పై తిండి నుంచి రోజుకు 550 క్యాలరీల దాకా రావాలట. నేను పెట్టే కట్టూ మజ్జిగా బిస్కెట్లూ అన్నీ కలిపితే అందులో సగం ఉంటుందో లేదో అని వేళ్ల మీద లెక్క కట్టి చూపించింది. కొలతలు కుట్టుపని వాళ్లకు త్వరగా ఎక్కుతాయి. ఇరవై ఎనిమిది నడుముకు ఇరవై రెండు గుడ్డ కత్తిరించి జాకెట్టు పట్టలేదని ఏడ్చినట్టుంది నా పని.

గుడ్డు దగ్గర మాత్రం చాలాసేపు వాదించాను. వేడి చేస్తుంది, సెగగడ్డలు లేస్తాయి అన్నాను. ఆ పిల్ల నవ్వి, ‘రేపు పావు ముక్క పెట్టండి. ఎల్లుండి కూడా పావే. ఏమైనా అయితే నాకు ఫోను చేసి తిట్టండి’ అని నంబరు రాసి ఇచ్చింది. మర్నాడు బాగా ఉడికిన గుడ్డులో పావు ముక్క అన్నంలో మెదిపి పెట్టి, రాత్రంతా ఒళ్లు తడుముతూ కూర్చున్నాను. ఏమీ కాలేదు. వారానికి గుడ్డంతా తినేసింది. ఫోను చేశాను, తిట్టడానికి కాదు లెండి.

తర్వాత సంగతులు గబగబా చెప్పేస్తాను. కట్టు మా ఆయన చారులోకి పోయింది, ముద్దపప్పు చిట్టికి వచ్చింది. పాలల్లో నీళ్లు మానేశాను. టీ బిస్కెట్లు మానేశాను, టీ పిల్లలకు అసలే పనికిరాదట, ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. బాలామృతం డబ్బా మీద మార్కరుతో ‘చిట్టిది’ అని రాశాను, పెద్ద మనవడు నాలుగు రోజులు అలిగాడు. ఐరన్ సిరప్పు వారానికి రెండుసార్లు, ఒక్కో మిల్లీలీటరు. రోజుకు మూడు నాలుగుసార్లు తిండి, మధ్యలో ఒక అరటిపండో ఉడకబెట్టిన చిలగడదుంపో. జలుబు చేస్తే తగ్గేదాకా ఆగడం లేదు, ముక్కు తుడిచి పెడుతున్నాను. అల్లుడు రోజూ సాయంత్రం 5 రూపాయల చిప్సు ప్యాకెట్లు రెండు తెచ్చేవాడు, ప్రేమ కొద్దీ. అవి మాన్పించడానికి నాలుగు నెలలు పట్టింది. ఇప్పుడు వారానికోసారి గుడ్ల అట్ట తెస్తున్నాడు. మా అమ్మాయి పనిలోంచి రాగానే స్నానం చేసేలోపు పాపకు నిద్ర రాకుండా ఆడిస్తున్నాను, ఆ పాలు పోకూడదని. ఇదే నాకు పడిన వేరే పని. ఈ నెల తూకం 9 కిలోల 100, వయసు 22 నెలలు. టేపు పచ్చలో 13 దాటింది. ఇంకా సన్నమే, తోటి పిల్లలతో చూస్తే. కానీ ఇప్పుడు గడప దాటి పరిగెడుతోంది, పట్టుకోవడానికి నా మోకాళ్లు సహకరించడం లేదు.

మాది కరువు ప్రాంతం కాదు. కృష్ణా కాలువల కింద పండిన బియ్యం తింటాం, పప్పూ నూనే ఇంట్లో ఉంటాయి. అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో అయిదేళ్లలోపు పిల్లలు 100కు 31 మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు, దాదాపు 30 మంది తగ్గ బరువు లేరు. ఆరు నెలలు దాటిన అయిదేళ్లలోపు పిల్లల్లో 100కు 63 మందికి రక్తహీనత. లేమి లేదని నేననను. మా వీధిలోనే గుడ్డు కొనలేని ఇళ్లున్నాయి, తల్లికే కడుపు నిండని ఇళ్లున్నాయి. వాళ్లకు చెంచా పాఠం చెప్తే కడుపు నిండదు, సరుకు ఇవ్వాలి. కానీ మా ఇంట్లో సరుకు ఉంది. ముద్దపప్పు పెద్దల కంచాల్లోకి, దాని పైన తేరిన నీళ్లు బిడ్డకు పోయాయి. ఆ 31 మందిలో ఇలాంటి ఇళ్లు ఎన్ని ఉన్నాయో ఎవరైనా చూస్తే బాగుండు.

నేను అడిగేవి పెద్ద ఖర్చువి కావు. పిల్లల కార్డు మీద తల్లి పేరు, తండ్రి పేరు ఉంటాయి. ‘పగలు చూసుకునేది ఎవరు’ అని ఇంకో గీత వేసి ఆ పేరు రాయండి, మీటింగుకు ఆ మనిషిని పిలవండి. నెలలో ఒక్క మీటింగన్నా రాత్రి ఏడింటికో ఆదివారమో పెట్టండి, అందుకు టీచరమ్మకు వేరే పూట సెలవివ్వండి, ఉచిత చాకిరీ చేయించకండి. నేల మీద కూరగాయల ముగ్గు వేసేకంటే రెండు గిన్నెలూ ఒక చెంచా తెచ్చి మా కళ్ల ముందు వంచి చూపించండి. మాకు చదివి చెప్తే ఎక్కదు, చూస్తే ఎక్కుతుంది. మిర్చి సీజనులో యార్డు చుట్టుపక్కల పసిపిల్లల కోసం ఒక గది, ఒక ఆయా, చేతులు కడుక్కోవడానికి నీళ్లు ఉంటే మా అమ్మాయి మధ్యాహ్నం వచ్చి పాలిచ్చి పోయేది. 30 మందికి మించి ఆడవాళ్లు పనిచేసే ఫ్యాక్టరీలో పిల్లల గది ఉండాలని 1948 ఫ్యాక్టరీల చట్టంలోనే ఉండేదని మా వీధిలో యూనియన్ ఆయన చెప్పాడు. తొడిమలు తీసే వాళ్లు ఎవరి లెక్కలో ఉంటారో ఆయనకూ అంతుపట్టలేదు. మేస్త్రీ పుస్తకంలో తప్ప వాళ్ల పేర్లు ఎక్కడా ఉండవు.

కార్డులూ కాగితాలూ మారేదాకా ఎందుకని, మా వీధిలో నేనే మొదలుపెట్టాను. మనవల్ని పెంచుతున్న వాళ్లం అయిదుగురం ఉన్నాం. సాయంత్రం నీళ్ల కుళాయి దగ్గర చేరినప్పుడు చెంచా పట్టుకుని పోతాను. నవ్వుతారు. ముగ్గురు మార్చుకున్నారు. ఒకావిడ ఎంతకీ వినదు, అదే, పక్షిదోషం అన్న ఎదురింటావిడ. వాళ్ల మనవడికి తొమ్మిది నెలలు, మెడ నిలబడుతుంది గానీ కూర్చోడు. మొన్న నా మీద గట్టిగానే లేచింది. ‘నలుగురిని కన్నావు. అప్పుడు ఏ నర్సు వచ్చి చెప్పింది? కట్టు పోసే పెంచావుగా, బతకలేదా వాళ్లు?’ అంది.

నేను కన్నది నలుగురిని. పెంచింది ముగ్గురిని. రెండోవాడు పది నెలలప్పుడు విరేచనాలతో పోయాడు. లంఖణం పెట్టాను. ఆవిడకు తెలియదు, అప్పటికి మేమీ కాలనీకి రాలేదు. చెప్పాను.

ఆవిడ ఏమీ అనలేదు, బిందె ఎత్తుకుని వెళ్లిపోయింది. మర్నాడు పొద్దున మనవణ్ణి చంకనేసుకుని మా గుమ్మంలోకి వచ్చి, పసిపిల్లలకు గుడ్డు ఎంతసేపు ఉడకబెట్టాలని అడిగింది. నీళ్లు మరిగాక పది నిమిషాలు అన్నాను.

ఇట్లు,
ఒక అమ్మమ్మ,
ఏటుకూరు రోడ్డు, గుంటూరు